పాస్‌వర్డ్ చెప్పకుండా ఐపీ మార్చుకోనివ్వడం ఎలా?

(సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఒక ఫోన్ కాల్‌తో మొదలుపెడతాను. రాత్రి పదకొండు దాటింది. అవతల మా ఫీల్డ్ ఇంజినీరు. ఆగిపోయిన మెషీన్ ముందు, కంట్రోలర్ ప్యానెల్ తలుపు తీసి, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. కంట్రోలర్ ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దాని నంబరు, 192.168.1.10. అక్కడ రౌటర్ లేదు, అడ్రస్‌లు తనంతట తానే పంచే డీహెచ్‌సీపీ సర్వర్ లేదు, రెండింటి మధ్య ఒక్క కేబుల్ మాత్రం ఉంది. లాప్‌టాప్‌కి అదే వరసలో ఒక అడ్రస్, 192.168.1.50 అనుకోండి, పెడితే చాలు, పని మొదలవుతుంది. ప్రాపర్టీస్ నొక్కాడు. స్క్రీన్ మసకబారి, అడ్మిన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతూ పెట్టె వచ్చింది. "అన్నా, పాస్‌వర్డ్ అడుగుతోంది, ఏం చేయమంటావ్?" అన్నాడు.

నేను రిమోట్‌గా ఆ లాప్‌టాప్‌లోకి వెళ్లలేను, దానికి నెట్ లేదు. పోనీ డొమైన్ అడ్మిన్ అకౌంట్ వాడదామంటే, ఆ అకౌంట్‌తో ఆ లాప్‌టాప్‌లో ఎవరూ ఎప్పుడూ లాగిన్ కాలేదు. డొమైన్ కంట్రోలర్, అంటే సంస్థ అకౌంట్లన్నీ ఉండే సర్వర్, అందనప్పుడు ఆ పాస్‌వర్డ్ సరైనదో కాదో తేల్చుకోవడానికి లాప్‌టాప్ దగ్గర ఆధారమే ఉండదు. ఇక మిగిలింది లోకల్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్. ఒక్కో అక్షరం చెప్పాను. పెద్ద అక్షరం, చిన్న అక్షరం, తర్వాత ఎట్ గుర్తు, అలా. పావుగంటలో మెషీన్ తిరిగింది. అతను థ్యాంక్స్ చెప్పి పెట్టేశాడు.

రెండు నెలల తర్వాత బ్యాటరీ మార్చడానికి ఆ లాప్‌టాప్ మా టేబుల్ మీదికి వచ్చింది. తిరగేస్తే అడుగున ఒక తెల్ల స్టిక్కర్. దాని మీద నీలం ఇంకుతో, ఆ రాత్రి నేను చెప్పిన పాస్‌వర్డ్. అప్పట్లో మా దగ్గర లాప్‌టాప్‌లన్నిటికీ అదే పాస్‌వర్డ్.

ఆ కుర్రాడిని ఒక్క మాట కూడా అనలేకపోయాను. మళ్లీ అర్ధరాత్రి ఫోన్ చేసి నన్ను లేపకూడదని రాసుకున్నాడు. అతని పని అతను చేసుకునే దారి నేను ఇవ్వలేదు, కాబట్టి తనే ఒక దారి వేసుకున్నాడు. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఆ స్టిక్కర్ గురించే. లాప్‌టాప్‌ని ఎంత గట్టిగా బిగించామన్నది ఒక లెక్క. బిగించాక మనిషికి నిజంగా అవసరమైన చిన్న పని ఎక్కడ చేసుకోవాలో చూపించామా లేదా అన్నది ఇంకో లెక్క. రెండో లెక్క వదిలేస్తే మొదటిది కూడా పోతుంది.

అసలు విండోస్ ఇక్కడ అడ్మిన్ హక్కు ఎందుకు అడుగుతుంది? ఐపీ సెట్టింగులు యూజర్‌వి కావు, మెషీన్‌వి. ఒకరు మారిస్తే ఆ లాప్‌టాప్ వాడే అందరికీ, వెనకాల నడిచే సర్వీసులన్నిటికీ మారుతుంది. అందులో డీఎన్‌ఎస్ ఒకటుంది, అంటే వెబ్‌సైటు పేరుకి దాని అడ్రస్ చెప్పేది, అదే అన్నిటికంటే సున్నితమైనది. డీఎన్‌ఎస్ సర్వర్ అడ్రస్ మార్చినవాడు మీ బ్రౌజర్‌ని తనకి ఇష్టమైన చోటికి పంపగలడు. ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. డీఎన్‌ఎస్ ఛేంజర్ అనే మాల్‌వేర్ ముఖ్యంగా ఈ పనే చేసేది. 100కి పైగా దేశాల్లో దాదాపు 40 లక్షల కంప్యూటర్లకు సోకింది. 2011 నవంబర్‌లో ఎఫ్‌బీఐ ఆ ముఠాను పట్టుకుంది కానీ, వాళ్ల డీఎన్‌ఎస్ సర్వర్లను వెంటనే ఆపలేకపోయింది. ఆపితే సోకిన కంప్యూటర్లన్నిటికీ ఇంటర్నెట్ పోతుంది. అందుకని కోర్టు అనుమతితో వాటి స్థానంలో మంచి సర్వర్లు పెట్టి, 2012 జులై 9 దాకా నడపాల్సి వచ్చింది. ఒక్క సెట్టింగ్ మారినందుకు ఇంత జరిగింది. కాబట్టి విండోస్ వేసిన తాళాన్ని నేను తప్పుపట్టను.

తాళం తప్పు కాదు. తాళంచెవులన్నీ కలిపి ఒకే గుత్తిగా ఇవ్వడం తప్పు. ఐపీ మార్చుకోవాలన్నవాడికి అడ్మినిస్ట్రేటర్ గ్రూపులో చోటిస్తే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే హక్కు, యాంటీవైరస్ ఆపే హక్కు, ఇంకొకరి ఫైళ్లు తెరిచే హక్కు అన్నీ ఒకేసారి ఇచ్చినట్టే. ఏ పనికి ఎంత హక్కు కావాలో అంతే ఇవ్వాలన్న సూత్రాన్ని కంప్యూటర్ శాస్త్రవేత్తలు సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లోనే రాసిపెట్టారు. మనందరికీ తెలుసు, పరీక్షల్లో కూడా రాశాం. ఫోన్ మోగినప్పుడు మాత్రం గుర్తురాదు.

అందుకే హక్కు ఇవ్వడం గురించి మాట్లాడే ముందు ఒక ప్రశ్న అడుగుతాను. అతను నిజంగా సెట్టింగ్ మార్చాలా? నా అనుభవంలో సగానికి పైగా సార్లు అక్కర్లేదు.

మొదట, మనమే సృష్టించిన అవసరాలు చూడండి. కొందరు లాప్‌టాప్‌లో ఆఫీసు డీఎన్‌ఎస్ సర్వర్ అడ్రస్‌ని చేత్తో రాసేస్తారు. ఆఫీసులో బాగానే ఉంటుంది. ఆ మనిషి ప్రయాణంలో హోటల్ వైఫైకి కనెక్ట్ అవుతాడు, లాగిన్ పేజీ రాదు. ఆ పేజీ రావాలంటే ఆ హోటల్ నెట్‌వర్క్ ఇచ్చే డీఎన్‌ఎస్‌ని అడగాలి. లాప్‌టాప్ మాత్రం తనకు అందని ఆఫీసు సర్వర్‌ని అడుగుతూ కూర్చుంటుంది. అతను ఫోన్ చేసి సెట్టింగ్ మార్చనివ్వమంటాడు. ఇక్కడ ఇవ్వాల్సింది హక్కు కాదు. మనం రాసినది చెరిపేసి, డీఎన్‌ఎస్‌ని ఆటోమేటిక్‌లో వదిలేస్తే సరిపోతుంది. ఆఫీసు డీహెచ్‌సీపీ ఎలాగూ ఆఫీసు డీఎన్‌ఎస్‌నే ఇస్తుంది.

రెండోది, మా ఇంజినీరు లాంటి కేసు. దీనికి విండోస్‌లోనే, ఎక్స్‌పీ రోజుల నుంచి, ఒక ఏర్పాటు ఉంది. చాలామంది ఆ ట్యాబ్ రోజూ చూస్తారు కానీ తెరవరు. ఐపీవీ4 ప్రాపర్టీస్‌లో అడ్రస్‌ని ఆటోమేటిక్‌గా తీసుకోమని పెట్టినప్పుడు మాత్రమే పక్కన ఇంకో ట్యాబ్ కనిపిస్తుంది. దాని పేరు ఆల్టర్నేట్ కాన్ఫిగరేషన్. డీహెచ్‌సీపీ సర్వర్ దొరికితే దాని మాట విను, దొరకకపోతే ఈ అడ్రస్ పెట్టుకో అని అక్కడ రాసిపెట్టవచ్చు. మామూలుగా డీహెచ్‌సీపీ జవాబు రాకపోతే విండోస్ 169.254తో మొదలయ్యే అడ్రస్ ఒకటి తనంతట తానే పెట్టుకుంటుంది కదా, ఆ చోట మనం రాసిన అడ్రస్ వస్తుంది.

ఒకసారి దగ్గరగా చూద్దాం. లాప్‌టాప్ ఇచ్చే ముందు మన టేబుల్ మీదే ఆ ట్యాబ్‌లో 192.168.1.50, మాస్క్ 255.255.255.0 రాస్తాం. గేట్‌వే, అంటే బయటి నెట్‌వర్క్‌కి దారి చూపే అడ్రస్, ఖాళీ. డీఎన్‌ఎస్ ఖాళీ. ఇంజినీరు ఆఫీసులో కేబుల్ పెడితే డీహెచ్‌సీపీ జవాబిస్తుంది, మామూలు ఆఫీసు అడ్రస్ వస్తుంది. ప్యానెల్ దగ్గర కేబుల్ పెడితే జవాబిచ్చేవాళ్లు ఎవరూ లేరు. కాసేపు నెట్‌వర్క్ గుర్తిస్తున్నట్టు చూపిస్తుంది, దాదాపు నిమిషం పట్టవచ్చు. ఆ నిమిషమే ప్రమాదం. ఏమీ జరగడం లేదనుకుని అతను కేబుల్ పీకి మళ్లీ పెడతాడు, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. "కేబుల్ పెట్టి ఒక నిమిషం చేతులు కట్టుకుని కూర్చో" అని ముందే చెప్పాలి. ఆ తర్వాత 192.168.1.50 వచ్చేస్తుంది. ఏ హక్కూ ఇవ్వలేదు, ఏ పాస్‌వర్డూ చెప్పలేదు.

దీని పరిమితి కూడా చెప్పాలి. అక్కడ పట్టేది ఒకే ఒక్క అడ్రస్. ఇవాళ 192.168.1 వరస, రేపు 10.0.0 వరస, ఎల్లుండి మరొకటి అయితే ఇది చాలదు. అవతలి నెట్‌వర్క్‌లో డీహెచ్‌సీపీ ఉండి కూడా స్టాటిక్ అడ్రసే, అంటే చేత్తో పెట్టిన మారని అడ్రసే, కావాలంటే అసలు పనికిరాదు.

ఇంకో ఉపాయం నాకు చాలా ఇష్టం. విడిగా ఒక యూఎస్‌బీ ఈథర్‌నెట్ అడాప్టర్ ఇవ్వండి. దానికి స్టాటిక్ అడ్రస్ మనమే ముందుగా పెట్టేయండి, గేట్‌వే ఇవ్వకుండా. లాప్‌టాప్‌లో ఉన్న అసలు పోర్టు, వైఫై ఎప్పటిలాగే ఆటోమేటిక్. మెషీన్ పనికి ఆ అడాప్టర్, మిగతా పనులకి వైఫై. గేట్‌వే ఖాళీగా ఉండటం వల్ల ఇంటర్నెట్ ట్రాఫిక్ ఈ కేబుల్ వైపు మళ్లదు. ఒక్క జాగ్రత్త: సెట్టింగ్ అతుక్కునేది ఆ అడాప్టర్‌కి. అది పోయి కొత్తది కొంటే విండోస్‌కి అది కొత్త ఇంటర్‌ఫేస్, సెట్టింగ్ మళ్లీ పెట్టాల్సిందే. అందుకని అడాప్టర్ మీద లేబుల్ అంటించి, లాప్‌టాప్‌తో జత చేసి ఇవ్వండి.

ఇప్పుడు, నిజంగానే మార్చుకోవాల్సిన అవసరం ఉన్నవాళ్ల సంగతి. వారానికి నాలుగు చోట్ల తిరిగేవాళ్లు, నెట్‌వర్క్ పరీక్షించడమే పనిగా ఉన్నవాళ్లు. వీళ్ల కోసం విండోస్‌లో ఒక బిల్ట్‌ఇన్ గ్రూపు ఉంది. నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ ఆపరేటర్స్. ఇదీ ఎక్స్‌పీ కాలం నుంచే ఉంది. ఇందులో ఉన్నవాళ్లు ఐపీ సెట్టింగులు మార్చుకోవచ్చు, కనెక్షన్‌ని ఆపి మళ్లీ ఆన్ చేయవచ్చు, దాని పేరు మార్చవచ్చు, ఐపీకాన్ఫిగ్ అనే కమాండ్‌తో అడ్రస్ వదిలి కొత్తది తెచ్చుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయలేరు, వేరే యూజర్లను సృష్టించలేరు, సిస్టమ్ ఫైళ్ల జోలికి పోలేరు. డీఎన్‌ఎస్‌ని అడగకుండానే పేర్లకు అడ్రస్‌లు చెప్పే హోస్ట్స్ ఫైలు కూడా మార్చలేరు.

గ్రూపులో చేర్చడం తేలికే. తేలిక కానిది ఆ తర్వాత జరిగేది. నేను చూసిన మూడు తడబాట్లు చెబుతాను, మీ రాత్రులు కొన్ని మిగులుతాయి.

గ్రూపు సభ్యత్వం లాగిన్ అయ్యేటప్పుడు లెక్కలోకి వస్తుంది. అతను లాగిన్ అయి ఉండగా మీరు చేర్చితే ఏమీ మారదు. సైన్ అవుట్ చేసి మళ్లీ రావాలి. మూత మూసి తెరవడం సైన్ అవుట్ కాదు. "సార్, చేర్చానన్నారు, ఇంకా అడుగుతోంది" అని వచ్చే ఫోన్లలో చాలావరకు ఇదే.

రెండోది ఇంతకంటే చిక్కు. విస్టాతో యూఏసీ, అంటే పెద్ద మార్పుకి ముందు అనుమతి అడిగే ఏర్పాటు, వచ్చాక ఈ గ్రూపు సభ్యులకు కూడా రోజువారీ పనిలో ఆ హక్కు పక్కన పెట్టి ఉంచుతారు. కాబట్టి ప్రాపర్టీస్ నొక్కితే అదే మసక స్క్రీన్, అదే పెట్టె వస్తుంది. పాస్‌వర్డ్ అడుగుతుంది. అక్కడ అతను ఇవ్వాల్సింది తన సొంత యూజర్‌నేమ్, తన సొంత పాస్‌వర్డ్. ఈ ఒక్క మాట ముందే చెప్పకపోతే అతను ఆ పెట్టె చూసి "మళ్లీ అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతోంది" అనుకుని వెనక్కి తగ్గుతాడు. మనం గ్రూపు పనిచేయడం లేదనుకుని విసుగుతో అడ్మినిస్ట్రేటర్స్‌లో పడేస్తాం. ఎన్ని చోట్ల ఇలా జరిగిందో! వాళ్లకి ఇచ్చే సూచనల కాగితంలో మొదటి వాక్యం ఇదే ఉండాలి: పెట్టె వస్తుంది, కంగారుపడకండి, మీరు రోజూ లాగిన్ అయ్యే పాస్‌వర్డే ఇవ్వండి. ఆ కాగితంలో దారి కూడా పాత కంట్రోల్ ప్యానెల్ దారే రాయండి, రన్ పెట్టెలో ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్. ఒకటే దారి ఉంటే ఫోన్లో చెప్పడం తేలిక.

మూడోది డొమైన్‌లో గ్రూప్ పాలసీతో, అంటే అన్ని మెషీన్లకీ ఒకే చోటి నుంచి సెట్టింగులు పంపే పద్ధతితో, చేసేవాళ్లకు. అందులోని రెస్ట్రిక్టెడ్ గ్రూప్స్‌లో రెండు జాబితాలు ఉంటాయి. ఒకటి మెంబర్స్, ఇంకోటి మెంబర్ ఆఫ్. మెంబర్స్‌లో మీరు రాసింది చేర్పు కాదు, అదే పూర్తి జాబితా అయిపోతుంది. అంతకుముందు ఉన్న మిగతా సభ్యులంతా పోతారు. ఈ గ్రూపులో అయితే పెద్ద నష్టం ఉండదు. అలవాటుగా అదే పద్ధతి అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపు మీద ప్రయోగిస్తే మీ లాప్‌టాప్‌ల తలుపులు మీకే మూసుకుపోతాయి. ఉన్నవాళ్లను కదపకుండా కొత్తవాళ్లను చేర్చాలంటే మెంబర్ ఆఫ్ వాడండి, లేదా గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్‌లో లోకల్ యూజర్స్ అండ్ గ్రూప్స్ వాడండి. వేర్వేరు భాషల విండోస్‌లలో ఈ గ్రూపు పేరు వేరుగా ఉంటుంది. స్క్రిప్ట్ రాసేవాళ్లు పేరును నమ్ముకోకుండా ఎస్-1-5-32-556 అనే గుర్తింపు సంఖ్యను వాడండి, అది ఏ భాషలోనైనా ఒకటే.

ఎవరిని చేర్చాలి? ఒక లాప్‌టాప్ పలువురి చేతులు మారుతుంటే, ఒక్కొక్కరి పేరూ రాయకుండా ఇంటరాక్టివ్ అనే ప్రత్యేక గుర్తింపును గ్రూపులో పెట్టవచ్చు. అంటే ఆ కీబోర్డు ముందు కూర్చుని లాగిన్ అయిన ఎవరికైనా ఆ హక్కు వస్తుంది. పది ఫీల్డ్ లాప్‌టాప్‌లకు ఇది చక్కగా సరిపోతుంది. సంస్థలోని లాప్‌టాప్‌లన్నిటికీ ఇదే పెట్టడం మాత్రం నాకు ఇష్టం లేదు. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

ఇన్నేళ్లూ మనం ఈ గ్రూపును నిరపాయమైనదిగా చూశాం. నేనూ అలాగే చెప్పేవాణ్ణి. 2025 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఒక లోపాన్ని సరిచేసింది, దాని నంబరు సీవీఈ-2025-21293. ఈ గ్రూపు సభ్యులకు రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, డీఎన్‌ఎస్ క్యాష్, నెట్‌బీటీ అనే రెండు సర్వీసుల కీల కింద కొత్త సబ్‌కీలు సృష్టించే హక్కు ఉండేది. చూడ్డానికి చిన్న హక్కు. అక్కడ పెర్ఫార్మెన్స్ కౌంటర్ పేరుతో తన సొంత డీఎల్‌ఎల్‌ని, అంటే ప్రోగ్రామ్ ముక్కని, నమోదు చేస్తే, సిస్టమ్ ఆ కౌంటర్లను చదివేటప్పుడు ఆ డీఎల్‌ఎల్‌ని తన పూర్తి అధికారంతో నడుపుతుంది. అంటే ఐపీ మార్చుకోమని ఇచ్చిన హక్కుతో మెషీన్ మొత్తం చేతికి వస్తుంది. అప్‌డేట్ వేసుకున్న లాప్‌టాప్‌లలో ఆ దారి మూసేశారు. దీన్నుంచి నేను తీసుకున్నది రెండు. ఈ గ్రూపులో చేర్చిన లాప్‌టాప్‌లకు అప్‌డేట్లు ఆలస్యం కాకూడదు. అవసరం లేనివాళ్లను అందులో ఉంచకూడదు. ఆరు నెలలకోసారి జాబితా తీసి, పని మారినవాళ్ల పేర్లు తీసేయండి.

గ్రూపు కూడా ఎక్కువే అనిపించే చోట ఇంకో మార్గం ఉంది. మార్చే హక్కు ఇవ్వకుండా, మనం ముందే రాసిపెట్టిన మార్పుల్లో ఒకదాన్ని ఎంచుకునే వీలు మాత్రం ఇవ్వడం. టాస్క్ షెడ్యూలర్‌లో సిస్టమ్ అకౌంట్‌తో, అంటే విండోస్ సొంత పూర్తి అధికారంతో, నడిచే టాస్కులు రెండు మూడు పెడతాం. ఒకటి నెట్‌ష్ కమాండ్‌తో మెషీన్ అడ్రస్ పెడుతుంది, ఇంకోటి తిరిగి డీహెచ్‌సీపీకి మారుస్తుంది. యూజర్‌కి ఆ టాస్కుని నడిపే అనుమతి ఇస్తాం, మార్చే అనుమతి ఇవ్వం. డెస్క్‌టాప్ మీద రెండు ఐకాన్లు: "మెషీన్", "ఆఫీసు". అంతే. డీఎన్‌ఎస్‌ని వేరే చోటికి మళ్లించే అవకాశమే ఉండదు, ఎందుకంటే అక్కడ ఏదైనా టైప్ చేసే చోటు లేదు.

దీన్ని సరిగా చేయకపోతే మాత్రం స్టిక్కర్ కంటే ప్రమాదం. ఆ టాస్క్ నడిపే స్క్రిప్ట్ ఫైలు ఎక్కడుందో చూసుకోండి. యూజర్ రాయగలిగే ఫోల్డర్‌లో ఉంటే అతను ఆ ఫైల్లో ఏం రాస్తే అది సిస్టమ్ అధికారంతో నడుస్తుంది. ప్రోగ్రామ్ ఫైల్స్ కింద, రాసే హక్కు లేని ఫోల్డర్‌లో ఉంచండి. ఆ ఫోల్డర్ అనుమతులు ఒక మామూలు యూజర్‌గా లాగిన్ అయి మీరే పరీక్షించండి. ఇంకోటి, యూజర్ ఇచ్చిన అడ్రస్‌ని తీసుకునే స్క్రిప్ట్ రాయాలని అనిపిస్తుంది, అలా చేస్తే సౌకర్యం కదా అని. వద్దు. బయటి నుంచి వచ్చిన అక్షరాలను అలాగే కమాండ్‌లో అతికిస్తే ఎవరో ఒకరు అడ్రస్ చివర ఇంకో కమాండ్ చేరుస్తారు.

వాడకూడని పద్ధతుల మీద ఎక్కువసేపు ఉండను, కానీ రెండు చెప్పక తప్పదు. రన్‌యాజ్ కమాండ్‌కి సేవ్‌క్రెడ్ అనే ఆప్షన్ ఉంది. ఒకసారి అడ్మిన్ పాస్‌వర్డ్ ఇస్తే గుర్తుపెట్టుకుంటుంది. ఐపీ మార్చే షార్ట్‌కట్ కోసం చాలామంది ఇది వాడతారు. గుర్తుపెట్టుకున్న ఆ పాస్‌వర్డ్ ఒక్క షార్ట్‌కట్‌కి కట్టుబడి ఉండదు. అదే యూజర్ అదే కమాండ్‌తో ఏ ప్రోగ్రామ్‌నైనా అడ్మిన్‌గా నడపవచ్చు. రెండోది, గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్‌లో లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టడం. అది ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుందని ధీమాగా ఉండేవాళ్లం. ఆ కీని మైక్రోసాఫ్టే తన డాక్యుమెంటేషన్‌లో ప్రచురించింది, ఆ ఫైళ్లను డొమైన్‌లోని ఎవరైనా చదవగలరు. 2014 మేలో వచ్చిన ఎంఎస్14-025 అప్‌డేట్ కొత్తగా పాస్‌వర్డ్ పెట్టే వీలుని తీసేసింది కానీ, అప్పటికే పెట్టినవాటిని తుడవలేదు. పాత డొమైన్ ఉన్నవాళ్లు ఆ ఫైళ్లుండే సిస్‌వాల్ ఫోల్డర్‌లో సీపాస్‌వర్డ్ అనే పదం కోసం వెతకండి. ఇవాళే వెతకండి.

ఎంత చేసినా ఏదో ఒక రాత్రి ఎవరికో నిజంగానే అడ్మిన్ పాస్‌వర్డ్ చెప్పాల్సి వస్తుంది. అప్పుడు చెప్పినది ఆ ఒక్క లాప్‌టాప్‌కే పనిచేయాలి, ఆ తర్వాత చెల్లకుండా పోవాలి. దానికోసమే మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ల్యాప్స్ అనే లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్‌ల ఏర్పాటు ఉంది. 2015లో విడిగా ఇచ్చారు, 2023 ఏప్రిల్ నుంచి విండోస్‌లోనే భాగం. ప్రతి మెషీన్‌కి వేరే పాస్‌వర్డ్, అదీ మారుతూ ఉంటుంది. కొత్తదాంట్లో పాస్‌వర్డ్ వాడాక కొంత గడువులో దానంతట అదే మారేలా పెట్టవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి: మారాలంటే లాప్‌టాప్‌కి ఆ పాస్‌వర్డ్‌లు దాచే డైరెక్టరీ అందాలి. నెట్ లేని చోట ఉన్న లాప్‌టాప్ తిరిగి నెట్‌లోకి వచ్చేదాకా పాత పాస్‌వర్డే నడుస్తుంది. అయినా సరే, ఆ స్టిక్కర్ మీద రాసి ఉన్నది ఒక్క లాప్‌టాప్‌కి, కొన్ని రోజులకి మాత్రమే పనికొస్తుంది.

మ్యాక్, లినక్స్ వాడేవాళ్లు కూడా ఇక్కడ ఉన్నారు కాబట్టి క్లుప్తంగా. మ్యాక్‌లో ఆథరైజేషన్ డేటాబేస్ అని ఒకటుంది, సెక్యూరిటీ కమాండ్‌తో అందులో నెట్‌వర్క్ సెట్టింగులకు సంబంధించిన హక్కును విడిగా సడలించవచ్చు. అక్కడ లొకేషన్స్ అనే సదుపాయం ఉంది, ఒక్కో చోటికి ఒక్కో సెట్టింగుల కట్ట ముందే తయారుచేసి ఉంచవచ్చు. లినక్స్‌లో కనెక్షన్లు చూసే నెట్‌వర్క్‌మేనేజర్, అనుమతులు చూసే పోల్‌కిట్ కలిసి ఈ పనిని బాగా విడదీశాయి. తన ఒక్కడి కనెక్షన్ మార్చుకోవడం ఒక హక్కు, మెషీన్ మొత్తానికి వర్తించే కనెక్షన్ మార్చడం ఇంకో హక్కు. నిజం చెప్పాలంటే విండోస్‌లో నాకు లోటనిపించేది ఈ విభజనే.

ఒక ప్రశ్న వచ్చింది. "మార్చుకోనిచ్చాం సరే, తిరిగి ఆఫీసుకి వచ్చాక నెట్ రావడం లేదని మళ్లీ మన దగ్గరికే వస్తారు కదా?" అని.

వస్తారు. హక్కు ఇచ్చాక నేను ఎదురుచూసింది దుర్వినియోగం. నిజంగా నా ముందుకు వచ్చింది మరుపు. మెషీన్ దగ్గర 192.168.1.50 పెట్టుకుంటారు, పని అవుతుంది, అలసిపోయి మూత మూస్తారు. మర్నాడు ఆఫీసులో కేబుల్ పెడితే నెట్ ఉండదు. రాత్రి తాను మార్చిన సంగతి గుర్తుండదు, కేబుల్‌ని అనుమానిస్తారు. ఆఫీసు కూడా అదే వరసలో ఉంటే ఇంకా చిక్కు, ఆ అడ్రస్ వేరే ప్రింటర్‌దో ఇంకొకరిదో అయితే ఇద్దరికీ పని ఆగుతుంది. దీనికి మేం పెట్టిన మందు చిన్నది. లాప్‌టాప్ ప్రతిసారీ స్టార్ట్ అయ్యేటప్పుడు నడిచే ఒక టాస్క్ ఈథర్‌నెట్‌ని డీహెచ్‌సీపీకి మార్చేస్తుంది, డీఎన్‌ఎస్‌ని కూడా ఆటోమేటిక్‌కి తెస్తుంది. ఎవరైనా తెలిసో తెలియకో డీఎన్‌ఎస్ మార్చినా అది తర్వాతి రీస్టార్ట్ దాకానే ఉంటుంది. "నెట్ రావడం లేదు" అని ఫోన్ చేస్తే మొదటి మాట, "ఒకసారి రీస్టార్ట్ చెయ్". షట్‌డౌన్ అనకండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసి తెరిచినప్పుడు విండోస్ మూలభాగమైన కెర్నెల్ నిద్ర నుంచి లేస్తుంది తప్ప కొత్తగా మొదలవదు, అలాంటప్పుడు స్టార్టప్‌కి కట్టిన టాస్క్ నడవకపోవచ్చు. రీస్టార్ట్ అయితే ఎప్పుడూ పూర్తిగా మొదలవుతుంది.

ఇంకో చెయ్యి లేచింది. ప్రాక్సీ గురించి, అంటే వెబ్ ట్రాఫిక్‌ని మధ్యలో అందుకుని పంపే సర్వర్ గురించి. మంచి ప్రశ్న. మనం ఐపీకి ఇన్ని తాళాలు వేస్తాం కానీ, ప్రాక్సీ సెట్టింగ్ మామూలుగా యూజర్ ప్రొఫైల్‌లోనే ఉంటుంది. అడ్మిన్ హక్కు లేకుండా ఎవరైనా మార్చుకోవచ్చు, ఆ యూజర్‌గా నడిచే మాల్‌వేర్ కూడా మార్చవచ్చు. వెబ్ ట్రాఫిక్‌ని దారి మళ్లించడానికి అది చాలు. డీఎన్‌ఎస్ భయంతో ఐపీ మార్చుకోనివ్వనివాళ్లు ముందు తమ ప్రాక్సీ పాలసీ చూసుకోవాలి.

చివరి ప్రశ్న వెనక నుంచి. "ఇవన్నీ చేశాక ఏది పనిచేస్తుందో ఎలా తెలుస్తుంది?"

మీ అడ్మిన్ అకౌంట్‌తో పరీక్షిస్తే తెలియదు. ఒక మామూలు యూజర్ అకౌంట్ తీసుకోండి. ఆ ఇంజినీరుకి ఇవ్వబోయే లాప్‌టాప్‌లోనే లాగిన్ అవ్వండి. వైఫై ఆపేయండి, మొబైల్ డేటా కూడా ఇవ్వకండి, డొమైన్ అందకూడదు. ఒక పాత స్విచ్‌కి గానీ, అలాంటి కంట్రోలర్‌కి గానీ కేబుల్ పెట్టండి. మీరు రాసిన సూచనల కాగితం ఒక్కటే చేతిలో ఉంచుకుని 192.168.1.10కి పింగ్, అంటే అవతలిది పలుకుతోందా అని చూసే పరీక్ష, వెళ్లేదాకా ప్రయత్నించండి. మేం మొదటిసారి ఇలా కూర్చున్నప్పుడు నాలుగో నిమిషంలో ఆగిపోయాం. కాగితంలో రెండో వాక్యం "నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఉన్న స్క్రిప్ట్ తెరవండి" అని ఉంది.